మార్తకు నల్ల అంచు కవిత

డెబ్భై నాలుగు ఆగస్టులో ఒక మంగళవారం ఉదయం కృపానందం ఆఫీసుకు వెళ్ళే దారిలో ప్రెస్సు దగ్గర ఆగి, భార్యకు రాసిన ప్రేమకవితను మంచి కార్డు మీద అచ్చు వేయించాలనుకున్నాడు. అతను విజయవాడ కాలువల ఆఫీసులో గుమాస్తా. నీళ్ళ వంతుల గురించి తప్ప జీవితంలో ఇంకేమీ రాసినవాడు కాదు. ఇప్పుడు రాయక తప్పలేదు. మార్త కడుపులో గడ్డ ఉంది. మర్నాడు ఆపరేషన్ చేయకపోతే బతకదని డాక్టరమ్మ చెప్పేసింది. మార్త ఒప్పుకోవడం లేదు.

"కోయించుకుని చావడమెందుకండీ? ఉన్నదున్నట్టు పోతాను" అంది ఆసుపత్రి మంచం మీద గోడవైపు తిరిగి. "నేనుండి మీకు ఒరిగిందేముంది? ఇన్నేళ్ళలో ఒక్క మంచి మాటన్నారా?"

అనలేదు. ప్రేమ లేక కాదు, ఇంట్లో ఉన్న మనిషికి కొత్తగా చెప్పేదేముందని. ఆ పాపం ఇప్పుడు పీక మీదకొచ్చింది. ఇంటికెళ్ళి ఏడ్చాడు, ఏడుస్తూనే రాశాడు.

"నీవు లేని ఇంట పొయ్యి రగలదు,
దీపం పెట్టే చెయ్యి లేదు,
మార్తా, నీ కోసం తలుపు తీసే ఉంచాను."

ప్రెస్సు లాజరు తమ చర్చి సంఘంవాడే. సంఘంలో ఎవరికి పెళ్ళయినా శుభలేఖలు, ఎవరు పోయినా జ్ఞాపకార్థ కార్డులు అతనే వేస్తాడు. భార్య మీద భర్త కవిత అచ్చు వేయించడం వాళ్ళలో కొత్తేమీ కాదు. కాకపోతే భార్య పోయాకే వేయిస్తారు. బతికున్న పెళ్ళానికి కవిత రాసిన మగాణ్ణి లాజరు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. అందుకని కాగితం చదివి, కృపానందం ఎర్రటి కళ్ళు చూసి, తనూ కళ్ళు ఒత్తుకున్నాడు.

"అధైర్యపడకండి కృపానందంగారూ. అంతా ప్రభువు చిత్తం. కార్డు సంగతి నాకొదిలెయ్యండి."

"సాయంత్రానికల్లా ఆసుపత్రికి చేర్చాలండీ. నేను కాలువ లాకుల దగ్గర డ్యూటీ చూసుకుని అటే వస్తాను."

ఇంత కష్టంలోనూ డ్యూటీకి వెళుతున్నాడే అని లాజరు మనసు కరిగిపోయింది. లాజరు మంచివాడు, కొంప ముంచింది ఆ మంచితనమే. కార్డు చుట్టూ నల్ల అంచు కట్టి, పైన సిలువ పెట్టి, "ప్రభువునందు నిద్రించిన మార్త జ్ఞాపకార్థం" అని చేర్చాడు. ఒకటి అడిగితే సంఘమంతటికీ సరిపడా వేసి, పంచిపెట్టించాడు కూడా. మధ్యాహ్నానికి చర్చిలో గంట కొట్టారు. సాయంత్రానికి ఆసుపత్రి గేటు ముందు శవపెట్టెతో రిక్షా ఆగింది.

మార్త మందు మత్తులో నిండా దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. కృపానందం అక్క సంపూర్ణమ్మ కార్డు చేత్తో పట్టుకుని మంచం మీద పడి గొల్లుమంది. వెనకే పాస్టరయ్యగారు, ఆ వెనక సంఘంలోని ఆడవాళ్ళు. అందరూ ఒక విడత ఏడ్చి, కళ్ళు తుడుచుకున్నారు.

"ఇక నా తమ్ముడి గతేం కాను శౌరమ్మా?" అంది సంపూర్ణమ్మ, పక్కింటావిడతో.

"కంకిపాడులో మీ ఆడపడుచు కూతురుందిగా!"

"నేనూ అదే అనుకుంటున్నా. నెమ్మదైన పిల్ల. చేపల పులుసు అద్భుతంగా చేస్తుంది. క్రిస్మస్ లోపల కానిచ్చేద్దాం."

"ముందు సమాధి కార్యక్రమం కానివ్వండమ్మా" అన్నారు అయ్యగారు.

దుప్పటి కదిలింది. మార్త లేచి కూర్చుంది. ఆడవాళ్ళు కెవ్వుమని గుమ్మం దగ్గర ఒకరి మీద ఒకరు పడ్డారు. అయ్యగారు బైబిలు గుండెలకు అదుముకుని గోడకు అంటుకుపోయారు.

"వదినా, ఆ పిల్లకి నా బీరువా తాళాలు కూడా ఇచ్చేశారా?" అంది మార్త.

గేటు దగ్గర పెట్టె చూసి కృపానందం అప్పుడే పరిగెత్తుకొచ్చాడు. పెళ్ళాం పోయిందనే వచ్చాడు. కూర్చుని ఉన్న మనిషిని చూసి నేల మీద కూలబడ్డాడు. అక్క చేతిలో కార్డు చూసి, ఏడుపులోనే సంగతంతా చెప్పాడు.

"నువ్వు ఒప్పుకుంటావేమోనని రాశానే. లాజరు ఇలా వేస్తాడనుకోలేదు."

మార్త కార్డు తీసుకుని చదివింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "డాక్టరమ్మని పిలవండి" అంది.

"కవిత నచ్చిందా?"

"కవితకేంగానీ, క్రిస్మస్‌కి నా వంటింట్లో అదెవత్తో పులుసు కాచడానికి వీల్లేదు. పిలవండి."

ఆపరేషన్ కష్టమైంది. రెండు రోజులు స్పృహ రాలేదు. బతుకుతుందని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. పెట్టె వెనక్కి పంపడానికి కూడా ఎవరికీ ధైర్యం చాల్లేదు. మూడోనాడు మార్త పెదవులు కదిలితే కృపానందం చెవి ఒగ్గాడు.

"ఆ కంకిపాడు పిల్లకి వేరే సంబంధం చూశారా?"

ఆ పిల్ల పెళ్ళి కుదిరేదాకా మార్త ఒక్క పూట కూడా మందు మానలేదు.