రాకు గిన్నె ఊరేగింపు

గంగులమ్మ ఆ గురువారం పొద్దున వేసుకున్న లెక్క చాలా చిన్నది. అద్దాల బీరువాలోని జపాను సామాను తుడవాలి, సాయంత్రం ఇఫ్తారు విందుకు సాయపడాలి, రాత్రి పెట్టె కట్టుకోవాలి. తెల్లారితే శుక్రవారం. బొంబాయి విమానమెక్కి, అక్కడి నుంచి రాయచోటి దగ్గరి తన ఊరికి పోయి, ఫోటోలో తప్ప చూడని మనవణ్ణి ఎత్తుకోవాలి. అంతే.

ఆమె పనిచేసే ఇల్లు దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వైపు ఉంది. ఆ ఇంటి మీదుగా విమానాలు ఎంత కిందుగా పోతాయంటే, మిద్దె మీద ఆరేసిన బట్టలు ఒక్కోసారి బొంబాయిలో దొరుకుతాయని డ్రైవరు నారాయణప్ప అందరికీ చెబుతుంటాడు. మదనపల్లె వాడు. అతని మాటల్లో సగం తీసేసినా మిగిలిన సగం కూడా నమ్మబుద్ధి కాదు.

ఇంటాయన గ్యాసు కంపెనీలో పెద్ద ఉద్యోగి. ఆ చలికాలమే కతారు గ్యాసు మొదటిసారి ఓడెక్కి జపాను పోయింది. బదులుగా ఒక జపాను ఇంజనీరు, అతని భార్య ఈ ఇంటికి పింగాణీ కానుకలు తెచ్చారు. రంజాను మొదట్లో తెచ్చిన ఆ కానుకలను బీరువాలో సర్దే పని గంగులమ్మకు పడింది. ఉపవాసాల హడావిడిలో మళ్ళీ ఆ తలుపు తీసి చూసే తీరిక మేడమ్ ఖదీజాకు దొరకలేదు.

ఆ పొద్దున మేడమ్ సోఫాలో వాలి, కళ్ళు మూసుకునే పాఠం మొదలుపెట్టింది. సగం అరబీ, సగం హిందీ. గంగులమ్మకు రెండు సగాలూ అర్థమవుతాయి.

"ఈరోజు జపాను వాళ్ళు ఇఫ్తారుకు వస్తున్నారు. వాళ్ళిచ్చినవి నాలుగూ బల్ల మీద పెట్టాలి. ఏది ఏదో తెలుసుకో. ఆమె అడిగితే నోరు తెరిచి నిలబడొద్దు. పెద్ద పళ్ళెం ఉంది చూడు, నీలం, ఎరుపు, బంగారం. అది ఇమారి."

వేలెడు చోటు కూడా ఖాళీ లేకుండా పువ్వులే. తిరునాళ్ళలో గాజుల అంగడి అని గంగులమ్మ గుర్తు పెట్టుకుంది.

"పచ్చ, పసుపు, వంకాయ రంగు దిట్టంగా పూసింది కుతాని."

చిలకల గుంపు అనుకుంది.

"వెన్న రంగు కూజా, ఒళ్ళంతా వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్ళు, పైన బంగారు బొమ్మలు. అది సత్సుమా. ఆ పగుళ్ళు చూసి విరిగిందని పారేసేవు."

కాగిన పాల మీద మీగడ ముడత. అదీ గుర్తుంది.

"అనుమానం వస్తే గోటితో కొట్టు. ఇమారి, కుతాని ణంగుమని మోగుతాయి. సత్సుమా అంతగా మోగదు. ఇక నాలుగోది అసలు మోగదు. రాకు. నల్లటి గిన్నె, తేలిక, కాస్త వంకర. చక్రం మీద కాదు, చేత్తోనే చేస్తారట. మిగతా మూడూ అంగట్లో దొరుకుతాయి. ఇది ఆమె తాత చేతిది. నాలుగూ నాకు చూపించి అప్పజెప్పు. నీ పాస్‌పోర్టు నా హ్యాండ్‌బ్యాగులో ఉంది, తీసి నీ చేతికిస్తా."

గంగులమ్మ బీరువా వైపు చూసింది, అందులో ఉన్నవి మూడే.

ఆ నల్లగిన్నె ఆమెకు బాగా తెలుసు. మూడు సామాన్లు పట్టుగుడ్డల్లో మెరుస్తూ వస్తే, అదొక్కటి వట్టి చెక్కపెట్టెలో వంకరగా, మాడిన సంగటికుండ అడుగులా వచ్చింది. ఇన్ని కొన్నందుకు అంగడివాడు కొసరిచ్చి ఉంటాడని ఆమె తీర్మానించింది. చెక్కపెట్టెలో ఎండుమిరపకాయలు పోసింది. గిన్నెలో ఆ మర్నాటి నుంచి పెరుగు తోడేసింది. అబ్బ, ఏం పెరుగు! గిన్నె బోర్లిస్తే కిందపడాలా వద్దా అని కాసేపు ఆలోచించుకునేది.

అదే గిన్నెలో నిన్న సాయంత్రం సగ్గుబియ్యం పాయసం పోసి పక్కింటికి పంపింది. రంజాను నెలలో ఆ వీధంతా అంతే. పొద్దుగుంకే మగ్రిబ్ నమాజు ముందు ప్రతి ఇంటి నుంచీ ప్రతి ఇంటికీ గిన్నెలు నడుస్తాయి. వచ్చిన గిన్నెను ఎవరూ ఖాళీగా తిప్పి పంపరు. అది ఆ వీధి మర్యాద. గంగులమ్మ ఊళ్ళోనూ అదే మర్యాద.

మధ్యాహ్నం దాటాక మేడమ్ కాస్త కునుకు తీయగానే ఆమె వాకిట్లో కారు తుడుస్తున్న నారాయణప్ప దగ్గరికి పరిగెత్తింది.

"నారాయణప్పా, నా కొంప మునిగిపోయింది. నిన్న పక్కింటికి పంపిన ఆ నల్లగిన్నె తెచ్చీయప్పా!"

"యా నల్లగిన్నె? నువ్వు పెరుగేసేదా? దాని కోసం ఏడుస్తావేందక్కా, సూకు బజార్లో కొత్తది తెచ్చిస్తా."

"జపానమ్మ తాత సమాధిలోంచి లేచొచ్చి చేసిస్తాడా? అది లేకుంటే నాకు పాస్‌పోర్టు లేదు. పాస్‌పోర్టు లేకుంటే మనవడు లేడు!"

"సరే, గుర్తులు చెప్పు."

"నల్లగ ఉంటాది, వంకరగ ఉంటాది, బరువుండదు. కొడితే మోగదు, ఇమారి, కుతాని మాదిరి ణంగుమనదు."

"మా మామ మాదిరే ఉందే," అని నారాయణప్ప బండి తీశాడు. పక్కింటికి నడిచి పోవచ్చు. కానీ అతను బండి లేకుండా బాత్రూముకు కూడా పోలేడని ఇంట్లో పేరుంది.

పక్కింట్లో పనిచేసే రెహానా కడప పిల్ల. తలుపు తీస్తూనే నవ్వింది.

"గిన్నె కోసం వచ్చినావా అన్నా? ఇస్తా ఉండు." ఖర్జూరాలు నిండా పోసి ఒక నల్లగిన్నె తెచ్చింది.

నారాయణప్ప చెవి దగ్గర పెట్టుకుని గోటితో కొట్టాడు. టక్కుమంది. ప్లాస్టిక్.

"ఇది కాదు పాపా. వంకర గిన్నె."

"అట్లయితే నిన్న మా మేడమ్ చెల్లెలింటికి పోయిన గిన్నెల్లో కలిసిపోయిందేమో. ఫరీజ్ బిన్ మహమూద్‌లో. నువ్వు ఎట్లాగూ పోతావు గదా, ఈ గోధుమ హరీసు కూడా వాళ్ళకిచ్చేయ్." రేకు కాగితం చుట్టిన గిన్నె ఒకటి చేతిలో పెట్టింది. "ఖర్జూరాలు కూడా తీసుకపోన్నా, వట్టి చేతులతో పంపితే మా మేడమ్ నన్ను తిడ్తాది."

నారాయణప్ప హరీసును ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను మోసినంత జాగ్రత్తగా ఫరీజ్ బిన్ మహమూద్ చేరాడు. అక్కడ వంటవాడు ఫయాజ్ ఆ గిన్నె అందుకుని, నిన్న నల్లగిన్నెలేవీ రాలేదని ఒట్టేసి, సేమ్యా నింపిన ఒక నల్ల ఎనామెల్ గిన్నె ఇచ్చాడు. కొడితే ణంగుమంది. "కుతాని అయినా కాదు," అని నారాయణప్ప నిట్టూర్చాడు.

ముషైరిబ్ సిగ్నలు దాటుతుండగా నడుము దగ్గర పేజరు మోగింది. ఇంటి నంబరు. బండి ఆపి, రోడ్డు పక్క ఫోను డబ్బాలోంచి చేశాడు.

"నారాయణప్పా!" అటు గంగులమ్మ గొంతు సన్నగా వణుకుతోంది. "ఇప్పుడే రెహానా ఫోను చేసింది. హరీసు పోసింది మన గిన్నెలోనంట! నువ్వు పోయినాక జ్ఞాపకమొచ్చిందంట!"

నారాయణప్ప తన ఒళ్ళోకి చూసుకున్నాడు.

"అంటే, నేను ఇందాక ఒళ్ళో పెట్టుకుని..."

"ఆ."

"నా చేతులతోనే..."

"ఆ! వెనక్కి పోప్పా!"

వెనక్కి వెళ్ళేసరికి ఫయాజ్ చేతులు కడుక్కుంటున్నాడు.

"ఆ వంకర గిన్నెనా భాయ్? హరీసు తీసేసి, సమోసాలు పెట్టి, మా ఇంటి యజమాని బాబా ఆఫీసు వాళ్ళకు పంపించేసినా. ఆ తెల్లోళ్ళుండే కాంపౌండు లేదూ, ఆడికి. మా డ్రైవరు ఇప్పుడే పోయినాడు."

"పంపించేసినావా? వచ్చి గంట కాలేదు గదరా!"

"వట్టి గిన్నె ఇంట్లో పెట్టుకుంటారా ఎవరైనా?" ఫయాజ్‌కు నిజంగానే బాధ కలిగింది. "ఫికర్ చేయకు, ఇదిగో ఇది తీసుకపో." ఇంకో నల్లగిన్నె, నిండా పలచటి మాంసపు షోర్బా. కారు మలుపు తిరిగిన ప్రతిసారీ ఆ షోర్బా తానూ ఉన్నానని గుర్తుచేస్తూ సీటు మీదికి వచ్చింది.

ఇఫ్తారు ముందటి రద్దీలో గంట పట్టి చేరిన కాంపౌండు గేటు దగ్గర వాచ్‌మన్ హన్మాండ్లు, నిజామాబాద్ దిక్కు మనిషి. నారాయణప్ప గుర్తులన్నీ చెప్పేదాకా ఓపికగా విన్నాడు.

"గా నల్ల గిన్నెనా? నా చేతులకెల్లే లోపటికి పోయింది. మేడమ్ సాబ్ దాన్ని జూసి నోరు దెర్శి బీరిపోయింది. రెండు చేతుల పట్టుకొని, మొకం దగ్గర పెట్టుకొని వాసన జూసింది. గిప్పుడే ఇద్దరు కార్ల పోయిండ్రు. గిన్నె గూడ తీస్కపోయిండ్రు."

"యాడికి పోయినారు?"

"నాకేం చెప్తరన్నా? గేటు తీస్తె పోయిండ్రు." నారాయణప్ప మొహం చూసి అతని గుండె కరిగింది. గదిలోకి వెళ్ళి, పొయ్యి మీద కాలి నల్లబడ్డ తన గిన్నె తెచ్చాడు. నిండా కిచిడీ. "ఇగో, ఇది తీస్కపో. నల్లగనే ఉన్నది. వట్టిగ ఎట్ల పోతవ్?"

అక్కడ ఇంట్లో గంగులమ్మ మూడు సామాన్లను బల్ల మీద ఎంత దూరందూరంగా సర్దినా నాలుగుగా కనబడలేదు. ఇమారి పళ్ళేన్ని నిలబెట్టి చూసింది. కుతాని కుండను అటు జరిపి ఇటు జరిపింది. మేడమ్ వచ్చి, ఒకటి, రెండు, మూడు అని వేలితో చూపి, నాలుగో చోట ఆగింది.

"రాకు ఏది?"

గంగులమ్మ నోరు తెరిచింది. కుతాని కుండను నాలుగో చోటికి జరిపింది. మేడమ్ ముఖం గట్టిపడుతుండగా వాకిలి గంట మోగింది.

జపాను ఇంజనీరు వెనక అతని భార్య లోపలికి వచ్చింది. రెండు చేతుల్లో గుడ్డ మూట. బల్ల మీద పెట్టి, ముడి విప్పింది. నల్లగా, వంకరగా, నిండా ఎర్రచిక్కుడు గింజల అన్నంతో రాకు గిన్నె కూర్చుని ఉంది.

ఆమె కళ్ళు తడిశాయి. ఇంగ్లీషులో మెల్లగా చెప్పింది. దీన్ని ఇచ్చినప్పటి నుంచి ఆమెకు ఒకటే బెంగట. అద్దాల వెనక పెట్టి తాళం వేస్తారేమో, తాతయ్య గిన్నె ఊపిరాడక చచ్చిపోతుందేమో అని. ఈ సాయంత్రం అదే గిన్నెలో వేడివేడి సమోసాలు తన గుమ్మానికి వచ్చేసరికి నిలబడలేకపోయింది. పైగా దానికి కొత్త వాసన పట్టింది. "పెరుగు కదా?" అంది, సంతోషంగా. "వాడితేనే ఇది బతుకుతుంది. మీ పద్ధతి కూడా నేర్చుకున్నాను. ఖాళీగా తేలేదు."

మేడమ్ ఖదీజా గంగులమ్మ వైపు చూసింది. ఆ చూపు నెలవంక కనబడే దాకా సాగుతుందేమో అనిపించింది. తర్వాత జపానమ్మ చేతులు పట్టుకుంది.

"అవును," అంది హుందాగా. "నేనే పంపించాను."

ఉపవాసం విడిచే వేళైందని చెబుతూ ఊళ్ళో ఫిరంగి పేలింది. అందరూ ఖర్జూరం నోట్లో వేసుకున్నారు. మేడమ్ వంటింట్లోకి వచ్చి, హ్యాండ్‌బ్యాగు తెరిచి, పాస్‌పోర్టు గంగులమ్మ చేతిలో పెట్టి, గొంతు తగ్గించింది.

"ఈ రంజానంతా పెరుగు అంత బాగుండడానికి కారణం అదేనా?"

"అవును మేడమ్," అంది గంగులమ్మ నేల చూస్తూ.

"త్వరగా తిరిగిరా. వచ్చేదాకా ఎవరినీ తోడు వేయనివ్వను."

అప్పుడే నారాయణప్ప షోర్బా తడిసిన ప్యాంటుతో, చేతి నుంచి మోచేతి దాకా నల్లగిన్నెలు పేర్చుకుని వెనక వాకిలి తోసుకుని వచ్చాడు. బల్ల మీద రాకును చూశాడు. గిన్నెలన్నీ గట్టు మీద దించాడు.

"అక్కా," అన్నాడు చివరికి, "దీని కోసం నేను సగం దోహా తిరిగినా. ఇది నా కంటే ముందే ఇల్లు చేరిందా?"

"పాపం, నీకన్నా జపానోళ్ళు బాగా తోలినారేమోప్పా," అని గంగులమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నవ్వుతోనే పెట్టె కట్టింది. తెల్లారి మనవడి కోసం విమానమెక్కింది.

నారాయణప్ప గట్టు ముందు నిలబడ్డాడు. ఇప్పుడు ఏ ప్లాస్టిక్‌నైనా, ఎనామెల్‌నైనా చీకట్లో గోరు తగిలించి చెప్పగలడు. కడిగి బోర్లించిన ఈ నల్లగిన్నెల్లో ఏది ఎవరింటిదో మాత్రం తెలియలేదు, అన్నీ తిరిగి ఇవ్వాలి, ఒక్కటీ ఖాళీగా ఇవ్వకూడదు, వండే గంగులమ్మేమో ఊరికి పోయింది.