ఎనిమిది అక్షరాల అధ్యక్షురాలు

కొత్త అధ్యక్షురాలు ప్రమాణం చేసే రోజున ఒడెస్సా ప్రూయిట్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఏడింటికల్లా శ్వేతసౌధం చేరాలి. మధ్యాహ్నం రెండున్నరకి సంతకాల బల్ల మీద అయిదు తోలు ఫోల్డర్లు పెట్టాలి. నాలుగింటి బస్సెక్కి ఇల్లు చేరి, నానేసి వచ్చిన బొబ్బర్లు పొయ్యి మీద పెట్టుకోవాలి. నలభై ఒక్క ఏళ్ళుగా ఉత్తర్వుల గదిలో పనిచేస్తున్న మనిషికి అయిదు ఫోల్డర్లు ఓ లెక్కా?

పాత అధ్యక్షుణ్ణి సాగనంపడానికి సిబ్బందంతా హాల్లో వరసగా నిలబడ్డారు. ఒడెస్సా మాత్రం వెళ్ళలేదు. ఎవరు పదవి దిగి వెళ్ళిపోయినా ఆ సమయానికి ఆమె బీరువాలో తల దూర్చి, లేని కాగితం వెతుకుతూ ఉంటుంది. భర్త రాస్కో ఒక రోజు "సాయంత్రం కనిపిస్తాగా" అని పనికి వెళ్ళి మరి కనిపించలేదు. అప్పట్నుంచి ఎవరు చెయ్యి ఊపినా ఆమె మొహం తిప్పేసుకుంటుంది.

ఆ వెళ్ళిపోయిన బార్తలోమ్యూ విన్‌థ్రాప్ ఆమెకి ఒక కీడూ ఒక మేలూ చేశాడు. పదవికొచ్చిన కొత్తలో, ఆమె గదిలో డెబ్బై దాటినవాళ్ళు పనిచేయరాదన్నాడు. నిరుడు ఆమెకి డెబ్బై నిండితే ఇంటికి పంపేశారు. మూడు రోజులపాటు ఏ కాగితం ఎక్కడుందో ఎవరికీ దొరకలేదు. నాలుగో రోజున ఆయనే "ఒడెస్సా ప్రూయిట్‌కి ఆ నియమం వర్తించదు" అని ఇంకో ఉత్తర్వు రాసి పిలిపించుకున్నాడు. అది బీరువా అడుగు అరలో ఉంది. రోజూ ఇంటికి బయల్దేరే ముందు దాన్ని ఒకసారి తడిమి చూసుకుంటుంది.

కొత్తవాళ్ళ తరఫున వచ్చినవాడు లైల్ హాల్వర్సన్. నెబ్రాస్కా మనిషి, నలభై అయిదేళ్ళవాడు. నిద్ర లేచింది మొదలు అతిథుల జాబితా చేతిలోంచి దించలేదు.

"మేడమ్, విన్‌థ్రాప్ గారి ఉత్తర్వులు అయిదు కొట్టేస్తున్నాం. అడవులది, రేవులది, ఆ మిగతా మూడూ."

"తెలుసు. ఫోల్డర్లు సిద్ధం."

"ఐదెనిమిదులు నలభై. అతిథులూ నలభై. సరిపోయింది!"

సంతకంలో ఒక్కో అక్షరం ఒక్కో కలంతో పెట్టి, ఆ కలాలు అతిథులకి పంచడం ఆ భవనంలో ఆనవాయితీ. విన్‌థ్రాప్ పూర్తి పేరులో పందొమ్మిది అక్షరాలు. ఆయన సంతకం పెడుతుంటే గూడ్సు బండి వెళ్తున్నట్టుండేది. రెండు ఉత్తర్వులకి ఊరందరికీ కలాలొచ్చేవి. కొత్తావిడ పేరు రూత్ ఏమ్స్. ఇంగ్లీషులో ఎంత సాగదీసి రాసినా ఎనిమిదే.

రెండుంబావుకి లైల్ రొప్పుతూ వచ్చాడు. "మేడమ్, సెనేటర్లు పెళ్ళాల్ని వెంటేసుకొచ్చారు! ఎనిమిదిమంది ఎక్కువయ్యారు."

"వాడని కలాలే చేతిలో పెట్టండి. ఎవరు చూడొచ్చారు?"

"టీవీవాళ్ళు చూస్తారు! పైగా ఫలానా ఉత్తర్వు మీద ఈ కలంతోనే సంతకం పెట్టారని కార్డు కూడా ఇవ్వాలి కదా. ఇంకో ఉత్తర్వు కావాలి."

"కొత్త ఉత్తర్వంటే లాయర్లు నెల్లాళ్ళు నములుతారు."

"కొట్టేసేదయితే?"

"అది ఒక్క వాక్యమే."

"అయితే అదే ఇవ్వండి. ఏదైనా సరే!"

ఒడెస్సా చేతికందింది తీసి ఇచ్చింది. విన్‌థ్రాప్ మధ్యాహ్నపు నిద్ర చెడుతోందని హాల్లోని పెద్ద గడియారం గంట కొట్టకూడదన్న ఉత్తర్వు అది. దాని వల్ల ఎవరికేం నష్టమనుకుంది.

నష్టం మూడు గంటలకి తెలిసింది. అధ్యక్షురాలు ఆరో ఫోల్డరు ముగించి ఊపిరి పీల్చుకుంటుండగానే గడియారం నాలుగేళ్ళ ఉక్రోషమంతా కలిపి మోగింది. ముందు వరసలో ఒకావిడ చేతిలోని కాఫీ పక్కాయన ఒళ్ళో పడింది. అదే నిమిషంలో నెబ్రాస్కా నుంచి చర్చి పాటల బృందం బస్సు దిగింది. ఇరవైనలుగురు.

"మూడు కావాలి మేడమ్!" అన్నాడు లైల్.

ఒడెస్సా ఒకటి ఇచ్చింది. భవనంలో వేడి అరవై రెండు ఫారెన్‌హీట్ డిగ్రీలు దాటరాదన్నది. దాని మీద సంతకం పడిందన్న కబురు అందగానే, నాలుగేళ్ళుగా చలికి పళ్ళు కొరుక్కుంటున్న బాయిలరు మనిషి కసి తీరా తిప్పేశాడు. ఉన్ని కోట్లలో ఉన్న పాటల బృందం ఆవిరి కుడుముల్లా ఉబ్బింది. ఇంతలో గడియారం మళ్ళీ పావుగంట కొట్టింది.

"ముందు దాన్ని ఆపించండి, మేడమ్! అధ్యక్షురాలి సంతకం వంకరపోతోంది."

ఒడెస్సా పరిగెత్తింది. గడియారం దగ్గర ద్వారపాలకుల పెద్ద క్లీవన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు.

"ఆపు క్లీవన్!"

"ఎలా ఆపమంటారు, మిస్ ఒడెస్సా? ఆపమన్న ఉత్తర్వే కొట్టేశారు కదా. ఇప్పుడు ఆపితే నేరం."

"నీ నేరం సంతకెళ్ళ! ఆ సుత్తికి ఈ స్కార్ఫ్ చుట్టు. మోగనీ, మెల్లగా మోగనీ."

హడావిడిలో ఆమె నలభై ఒక్క ఏళ్ళలో ఎన్నడూ చేయని పని చేసి వచ్చింది. బీరువా తాళాలు బల్ల మీదే వదిలేసింది. తిరిగొచ్చేసరికి లైల్ తనే రెండు తీసేశాడు.

"ఏవేం తీశారు?"

"ఒకటి కుక్కలు తివాచీల మీద తిరగకూడదన్నది. మా అధ్యక్షురాలికి రెండు కుక్కలున్నాయి, సంతోషిస్తారు. రెండోది ఏవో గదుల నిర్వహణట. ఆరు పేజీలు. మొదటి పేజీకే ఆవలింతొచ్చింది. సంతకాలయిపోయాయి లెండి."

డెబ్బైరెండుమందికి డెబ్బైరెండు కలాలు. ఏ గదులో అడగడం తట్టక ఒడెస్సా గడియారం చూసుకుంది. నాలుగింటి బస్సు ఇంకా అందుతుంది.

అప్పుడొచ్చాయి కుక్కలు. పొలాల్లో పెరిగిన రెండు పెద్ద కుక్కలు, తమ మీద నిషేధం తొలగిందని ఎవరో చెవిలో చెప్పినట్టు, తోటలోంచి దూసుకొచ్చాయి. ఒకటి శాండ్‌విచ్‌ల పళ్ళెం దగ్గర ఆగింది. రెండోది చివరి వరసలో తొంభై రెండేళ్ళ హిల్డా క్రోల్ చేతిలోని కలాన్ని మర్యాదగా అందుకుని పటపటా నమిలేసింది.

హిల్డా క్రోల్ రూత్ ఏమ్స్‌కి అక్షరాలు దిద్దబెట్టిన టీచరు. ఆమెకిచ్చింది మొట్టమొదటి ఉత్తర్వు మీద మొట్టమొదటి అక్షరం రాసిన కలం.

"పోనీలే రూతీ," అంది ముసలామె కళ్ళు తుడుచుకుంటూ. "నేనొచ్చింది నిన్ను చూడ్డానికి. చూశాను. బస్సు కదిలిపోతుంది. మళ్ళీ ఎప్పుడు చూస్తానో."

లైల్ ఉత్తర్వుల గదిలోకి ఊడిపడ్డాడు. "ఇంకొక్కటి మేడమ్! ఒకే ఒక్కటి!"

ఒడెస్సా బీరువాలోకి చూసింది. లాయర్లు చదవకుండా ముట్టుకోదగ్గ చిన్న కాగితం అందులో ఒకటే మిగిలింది. అడుగు అరలో. "లేవు నాయనా" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఉన్న కాగితాన్ని లేదనడం ఆమెకి ఈ జన్మలో అలవాటు కాలేదు. పైగా "మళ్ళీ ఎప్పుడు చూస్తానో" అన్న మాట తలుపు తీసి ఉండడంతో ఆమె చెవిన పడింది. ఆ మాట విన్నాక ఆమె చేతులు ఆమె మాట వినలేదు.

"ఇదేమిటి?" అన్నాడు లైల్ అందుకుంటూ.

"ఎవరో ఒక ఉద్యోగి గురించి. అంత ముఖ్యమేం కాదు."

ఎనిమిది అక్షరాలు, ఎనిమిది కలాలు. మొదటిది టీచరుకి. ఆరు కలాలు కుక్కలకి అందకుండా లైల్ జేబులోకి వెళ్ళాయి. మిగిలిన ఒక్కటీ అధ్యక్షురాలు తనే లేచి తెచ్చి ఒడెస్సా చేతిలో పెట్టింది. "పొద్దున్నుంచి మీరే తిరుగుతున్నారు, మిసెస్ ప్రూయిట్. గుర్తుగా ఉంచుకోండి."

"ఉంచుకుంటానమ్మా," అంది ఒడెస్సా. ఆ కలం పెట్టిన అక్షరంతోనే తన ఉద్యోగం పోయిందని చెప్పడానికి అది సమయం కాదు.

క్లీవన్‌కి మాత్రం చెప్పింది. క్లీవన్ వంటింటికి చెప్పాడు. అయిదు నిమిషాల్లో వంటిల్లు నిండిపోయింది. పొద్దున విన్‌థ్రాప్ వీడ్కోలుకి చేసిన కేకు సగం మిగిలి ఉంటే, వంటాయన దాని మీది పేరు గీకి ఆమె పేరు రాశాడు. పాత పేరు పొడుగు మూలాన బోలెడంత చోటు మిగిలింది. పద్నాలుగుమంది వరసగా ఆమెను కావలించుకున్నారు. దూర్చడానికి బీరువా లేక ఆమె తల క్లీవన్ భుజంలో దూర్చింది.

"బస్సు తప్పిపోతుంది, పోనివ్వండి," అని విడిపించుకుని చివరి పని పూర్తి చేయడానికి గదికెళ్ళింది. ఆ రోజు సంతకమైన పదీ రిజిస్టరులో రాయాలి. ఎక్కించేముందు ప్రతి కాగితం మొదటి మాట నుంచి చివరి మాట దాకా చదవడం ఆమె నియమం. అడవులు, రేవులు, గడియారం, వేడి అన్నీ అయ్యాయి. తరవాత లైల్‌కి ఆవలింత తెప్పించిన ఆరు పేజీలు. "ఉత్తర్వుల గది, తదితర గదుల నిర్వహణ." అయిదో పేజీలో మూడో నిబంధన: ఈ గదిలో డెబ్బై దాటినవారు పనిచేయరాదు. రద్దు.

ఆమె రెండుసార్లు చదివింది. కళ్ళజోడు తుడిచి మూడోసారి చదివింది. నియమమే పోయాక తనకిచ్చిన మినహాయింపు ఉంటేనేం, పోతేనేం?

క్లీవన్ విని తల గోక్కున్నాడు. "మరి మేమందరం ఏడ్చింది?"

"దాచుకోండి. ఎప్పటికైనా పనికొస్తుంది."

"కేకో?"

"తినేశాం కదా."

వీడ్కోలు చెప్పించుకున్న మనిషి తిరిగి రావచ్చునని ఒడెస్సాకి డెబ్బై ఒకటో ఏట తెలిసింది. ఆ సాయంత్రం ఆలస్యంగా ఉడికిన బొబ్బర్లు ఆమె రెండుసార్లు వడ్డించుకుంది.

మర్నాడు ఎనిమిదింటికి లైల్ వచ్చేసరికి ఆమె నిచ్చెన పక్కన నిలబడి ఫోల్డర్లు సర్దుతోంది. "నిన్నటివి కదా, మేడమ్? అటక మీదికి ఎక్కించెయ్యమంటారా?"

"వద్దు," అని ఒడెస్సా పదింటినీ రేపు కొట్టేసేవాళ్ళ చేతికందే అరలోనే పెట్టింది. నాలుగేళ్ళు ఎంతలో తిరిగొస్తాయి!