మొదటి లైనులో మామయ్య

ఆ ఆదివారం పొద్దున సూర్యాపేటలో బద్రీనాథ్ ఇంట్లో అందరూ హాయిగా ఉన్నారు. కోదాడలో ఆయన కొత్త బియ్యం దుకాణం తెరుస్తున్నాడు. నూట నలభై ఇళ్లకు వెళ్లి బొట్టు పెట్టి పిలవాలంటే మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. ఆ భారం సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు నిహారిక నెత్తినేసుకుని, ఫోన్లకు పిలుపులు పంపే చిన్న ప్రోగ్రాం రాసింది. ఫైల్లో లైనుకో పేరు, పక్కన ఫోన్ నంబరు. ప్రోగ్రాం ఒక లైను చదివి, ఆ మనిషికి మెసేజ్ పంపి, తర్వాతి లైనుకు పోతుంది. ఫైలు అయిపోగానే ఆగుతుంది.

మొదటి లైనులో తల్లి అరుణకుమారి తన అన్న పేరు రాయించింది. మిర్యాలగూడలో రైస్‌మిల్లు నడిపే ఆమె అన్న రామనర్సయ్య ఆరేళ్లుగా మాట్లాడడం లేదు. ఈ ఇంటి గృహప్రవేశానికి ఎవరూ వచ్చి పిలవలేదని, కార్డు పంపి ఊరుకున్నారని ఆయన అలక.

"రాడని తెల్సు బిడ్డా. అయినా పెద్దోడు, ఆయన పేరే ముందుండాలె," అందామె.

నిహారిక ప్రోగ్రాం నడిపించి టీ తాగడానికి పోయింది. పాపం, అన్నీ రాసింది గానీ తర్వాతి లైనుకు పొమ్మని చెప్పడం మరిచిపోయింది. ప్రోగ్రాం చెప్పిందే చేసింది. మొదటి లైను పట్టుకుని వదల్లేదు.

ఇరవై నిమిషాలకు మిర్యాలగూడ నుంచి అత్తయ్య నీల ఫోన్ చేసింది. మామయ్య ఫోన్ మోగుతూనే ఉందట. మొదటి మెసేజ్‌కు మూతి ముడిచాడట. పదో దానికి ఎగతాళి చేస్తున్నారని మండిపడ్డాడట. యాభై దాటాక చెల్లెలికి ఏమైందోనని హడలిపోయాడట. వంద దాటాక కండువాతో కళ్లు తుడుచుకుని కారు తీయించాడట.

నిహారిక పరుగెత్తి ప్రోగ్రాం ఆపింది. రెండు వందల పదమూడు మెసేజ్‌లు, అన్నీ ఒక్కరికే. మిగతా వాళ్లకు ఒక్కటీ పోలేదు. నిజం చెబితే మామయ్య గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతాడని ఆమెకు భయం పట్టుకుంది.

గంటన్నరకు రామనర్సయ్య వచ్చి బద్రీనాథ్‌ను కావలించుకున్నాడు. "గిన్నిసార్లు పిలిసినంక గూడ రాకుంటే నేను మనిషినా బావా?"

నిహారిక చెప్పబోయింది. తల్లి ఆమె చేతిని గట్టిగా గిల్లింది. తల్లి ముఖంలో అంత సంతోషం నిహారిక ఆరేళ్లలో చూడలేదు. మామయ్యకు టీ తేవడానికి లోపలికి పోయింది.

మిగతావాళ్లనూ ఫోన్లోనే పిలుస్తున్నారని తెలిసి రామనర్సయ్య ఒప్పుకోలేదు. బొట్టు పెట్టే పిలవాలని చెల్లెలినీ బావనూ కారెక్కించాడు. మోకాళ్ల సంగతి ఎవరూ అడగలేదు. దారి పొడుగునా ప్రతి ఇంట్లో తనను ఎన్నిసార్లు పిలిచారో చెప్పుకుని మురిసిపోయాడు.

నిహారిక ప్రోగ్రాంలో తప్పు దిద్దడానికి కూర్చునేసరికి నడిగూడెం నుంచి తండ్రి ఫోన్.

"బిడ్డా, దాన్ని బాగు చెయ్యకు," అన్నాడు రహస్యంగా. "మమ్ముల ఒక్కసారే పిలుస్తరా అని గీడ అందరు అలిగిన్రు."