లీటరుకు ముప్పై మూడు కిలోమీటర్లు

"సోమవారం నుంచి మన ప్రాంతంలో ప్రభుత్వం రెండు చక్రాల మీద నడుస్తుంది" అని ప్రాంతీయ అధ్యక్షులు అరిస్తిదిస్ కవాదాస్ గారు కౌన్సిల్ హాలులో ప్రకటించారు. ఈస్టర్ ముందు వచ్చే పెద్ద ఉపవాసాలకు అది ముందటి శుక్రవారం. పెట్రోలు లీటరు రెండు యూరోలు దాటి వారమైంది. ప్రజలు నలభై రోజులు మాంసం మానేస్తుంటే తాను కారు మానేస్తానని, ఇంటి నుంచి ఆఫీసుకు పద్నాలుగు కిలోమీటర్లూ మోటార్‌సైకిల్ మీదే వస్తానని, దానివల్ల ఇంధనం ఖర్చు తగ్గుతుందో లేదో స్వయంగా తేల్చి చెబుతానని ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నారు. అలా తేల్చడానికి దేశంలో ఇంతవరకు ఏ నాయకుడూ తన శరీరాన్ని ఇవ్వలేదు.

తమకు బండి నడపడం వచ్చా అని ఒక విలేకరి అడిగాడు. సైన్యంలో తాను నడపని వాహనం లేదని అధ్యక్షులు సెలవిచ్చారు. ఆయన సైన్యంలో పనిచేసింది వంటశాల లెక్కల విభాగంలో.

హాలు చివర, తలుపు పక్కన, కారు తాళాలు చేతిలో పట్టుకుని నిలబడిన స్తెర్యోస్ అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. తొమ్మిదేళ్లుగా అతను అధ్యక్షుల వారి కారు డ్రైవరు. కాంట్రాక్టు ఉద్యోగం. పెన్షనుకు ఇంకా పద్నాలుగు నెలలుంది. సారు మోటార్‌సైకిల్ ఎక్కితే కారెందుకు, కారు లేకపోతే డ్రైవరెందుకు అన్న ప్రశ్న హాలులో ఇంకెవరికీ రాలేదు. సభ అయ్యాక అతను ఆ ప్రశ్ననే ప్రచార సలహాదారు దానాయిని అడిగాడు. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్లు, చేతిలో రెండు ఫోన్లు. అతని పోస్టు గురించి నివేదిక వచ్చాక ఆలోచిస్తారని, అంతవరకు ప్రశాంతంగా ఉండమని ఆమె చాలా మర్యాదగా చెప్పింది.

ఆదివారం ఉదయం అధ్యక్షుల వారి పెరట్లో అభ్యాసం జరిగింది. కొత్త బండి, రెండు వందల యాభై సీసీ, ఎర్రటి ఎరుపు. దానితో పాటు పసుపు పచ్చని జాకెట్టు, ముఖం మీదికి నల్లటి అద్దం దిగే హెల్మెట్. కవాదాస్ గారు ఎక్కారు, స్టార్ట్ చేశారు, పదకొండు మీటర్లు నిరాటంకంగా ప్రయాణించి పక్కింటివాళ్ల కోళ్ల గూడులోకి వెళ్లారు. కోళ్లన్నీ క్షేమం. సారు మోకాలు వాచింది. బ్రేకు ఉండవలసిన చోట లేదని ఆయన ఆక్షేపించారు. ఎడమవైపు నుంచి ఫోటో బాగా వచ్చిందని దానాయి ఓదార్చింది.

స్తెర్యోస్ బండిని గూడులోంచి లాగి, ఈకలు దులిపి, ఎక్కి, పెరటి చుట్టూ రెండు రౌండ్లు తిప్పి తెచ్చి స్టాండు వేశాడు. అతను పద్నాలుగో ఏట నుంచి బండి మీద కొండ దిగి పాలు పోసినవాడు. దానాయి అతన్ని చూసింది, సారును చూసింది, మళ్లీ అతన్ని చూసింది. ఇద్దరిదీ ఒకే ఎత్తు. పొట్టలు కూడా దాదాపు ఒకటే.

"నీ జాకెట్టు సైజెంత స్తెర్యో?" అన్నారు సారు మోకాలి మీద మంచుగడ్డ పెట్టుకుంటూ.

మోకాలు తగ్గేవరకే అని మాట అనుకున్నారు.

ఉపవాసాలు మొదలయ్యే సోమవారం సెలవు కాబట్టి ప్రభుత్వం మంగళవారం రెండు చక్రాల మీదికి ఎక్కింది. ముందు రెండు పోలీసు బండ్లు. వాటి వెనక పసుపు జాకెట్టులో, నల్ల అద్దం దించుకుని స్తెర్యోస్. అతని వెనక అధ్యక్షుల వారి కారు. దాన్ని నడపడానికి తాత్కాలికంగా ఒక డ్రైవరును పెట్టుకున్నారు, ఎందుకంటే రికార్డుల ప్రకారం స్తెర్యోస్ సెలవులో ఉన్నాడు. వెనక సీట్లో అధ్యక్షులు ఒక దుప్పటి కప్పుకుని ఫైళ్లు చూసుకునేవారు, ఒక్కోసారి ఉపవాసమని మరిచిపోయి మాంసం చుట్టిన రొట్టె తినేవారు. కారు వెనక వ్యాను. అందులో ఫోటోగ్రాఫరు, మెకానిక్కు, పెద్దాఫీసులో దిగగానే సారు వేసుకోవలసిన సూటు, ఆ సూటు కోసం ఇస్త్రీ బల్ల. వాన పడిన రోజుల్లో మోటార్‌సైకిల్‌ను కూడా వ్యానులోనే ఎక్కించి, ఊరి పొలిమేరలో దించేవారు.

రోజూ సాయంత్రం మెకానిక్కు మోటార్‌సైకిల్ ట్యాంకు కొలిచి దానాయికి చెప్పేవాడు. లీటరుకు ముప్పై మూడు కిలోమీటర్లు. అధ్యక్షుల వారి కారు లీటరుకు తొమ్మిదే. స్తెర్యోస్ మూడో రోజు ఉండబట్టలేక, ఇప్పుడు ఆ కారు కూడా వస్తోంది కదా, దాని వెనక వ్యాను కూడా ఉంది కదా అని మెల్లగా గుర్తుచేశాడు.

"అది ప్రయాణం కాదు స్తెర్యో, పర్యవేక్షణ" అన్నారు కవాదాస్ గారు. "ప్రయాణం లెక్క వేరు, పర్యవేక్షణ లెక్క వేరు. నువ్వు రోడ్డు చూసి నడుపు."

ఊళ్లోకి వచ్చాక బేకరీ దగ్గర ఒక సిగ్నల్ ఉంది. ఎర్రదీపం పడితే నిమిషంన్నర ఆగాలి. మొదటి రెండు రోజులు జనం దూరం నుంచి చూశారు. మూడో రోజు బేకరీ యజమాని లాంబ్రోస్ వచ్చి ఒక నువ్వుల రొట్టె చేతిలో పెట్టి, తన కొట్టు ముందు గుంత గురించి చెప్పాడు. మాట్లాడకూడదని స్తెర్యోస్‌కు గట్టి ఆజ్ఞ. గొంతు తెలిసిపోతుంది. అందుకని తలూపాడు. నాలుగో రోజు నలుగురు వచ్చారు. రెండో వారానికి ఎర్రదీపం పడకముందే అక్కడ వరస కట్టేవారు. పన్నులు, పింఛన్లు, కుళాయిలు, అల్లుడి బదిలీ. అతను అన్నిటికీ తలూపాడు.

అడ్డుపడకుండా, వాగ్దానం చెయ్యకుండా, తన గురించి చెప్పుకోకుండా నిమిషంన్నర సేపు విన్న రాజకీయ నాయకుణ్ని ఆ ఊరు అంతవరకు ఎరగదు. సారు మారిపోయాడని కాఫీ కొట్లలో చెప్పుకున్నారు. సర్వేలో అధ్యక్షుల వారి మీద నమ్మకం ముప్పై ఒకటి నుంచి యాభై ఎనిమిది శాతానికి చేరింది.

సోమ, బుధ, శుక్రవారాల్లో ఆ వరసలో అగోరో అవ్వ ఉండేది. డెబ్బై ఆరేళ్లు. పై కొండ మీద పెత్రీలియా ఊరు. రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవడానికి బస్సులో దిగి ఆస్పత్రికి పోతుంది. ఆమె పెద్దగా ఏమీ అడగలేదు. బస్సును సంత దగ్గరే ఆపెయ్యకుండా ఆస్పత్రి దాకా పోనిమ్మని అడిగింది. తిరుగు ప్రయాణంలో కళ్లు తిరుగుతుంటాయట, సంత దాకా నడవలేకపోతోందట. స్తెర్యోస్ తలూపాడు. ఆ సాయంత్రం చిన్న పుస్తకం కొని ఆమె మాట మొదటి పేజీలో రాశాడు. తర్వాత అందరివీ రాయడం మొదలుపెట్టాడు. శుక్రవారాలు ఆ కాగితాలు చింపి సారు బల్ల మీద పెట్టేవాడు. సారు వాటి మీద కాఫీ కప్పు పెట్టేవారు.

అయినా అతనికి ఆ పని నచ్చసాగింది. యాభై ఎనిమిదేళ్లలో ఒక మనిషి తన చెయ్యి పట్టుకుని కష్టం చెప్పుకోవడం అతనికి అదే మొదలు. ఇంట్లో భార్య తసూలా ఏం చెప్పినా తలూపుతున్నాడు.

"అద్దం పైకెత్తి మాట్లాడవయ్యా, ఇక్కడ ఓట్లేం లేవు" అంది ఆమె ఒకరోజు పప్పు వడ్డిస్తూ.

సారు మోకాలు రెండో వారంలోనే తగ్గింది. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

నలభయ్యో రోజున ఏథెన్స్ నుంచి సహాయ మంత్రి వచ్చారు. స్తెర్యోస్ ఊరంతా చూస్తుండగా బండి మీద వచ్చి, పక్క తలుపులోంచి లోపలికి పోయాడు. తెర వెనక హెల్మెట్ సారుకు ఇచ్చాడు. సారు దాన్ని చంకలో పెట్టుకుని, జుట్టు కాస్త చెదరగొట్టుకుని, వేదిక మీదికి నడిచారు. చప్పట్లు చాలాసేపు ఆగలేదు.

నివేదికను దానాయి చదివింది. మోటార్‌సైకిల్ మీద ఉద్యోగానికి వస్తే ఇంధనం ఖర్చు మూడింట రెండు వంతులకు పైగా తగ్గుతుందని నిస్సందేహంగా రుజువైంది. దాని ఆధారంగా కౌన్సిల్ ఏకగ్రీవంగా రెండు తీర్మానాలు చేసింది. అధ్యక్షుల వారి కారు డ్రైవరు పోస్టు రద్దు. లీటరుకు మూడు కిలోమీటర్లు మాత్రమే పోతూ ప్రజాధనం తాగేస్తున్న కొండ బస్సు ఈస్టర్ తర్వాతి వారం నుంచి రద్దు, నాలుగు కొండ ఊళ్ల ప్రజలు మోటార్‌సైకిళ్లకు మారడానికి ప్రోత్సాహం.

తెర వెనక స్తెర్యోస్ మొదటి తీర్మానాన్ని తట్టుకున్నాడు. దానికి నలభై రోజులుగా సిద్ధపడుతున్నాడు. రెండోది విని అక్కడున్న ఇస్త్రీ బల్ల మీద కూర్చున్నాడు. సభ అయ్యాక సారు తెర వెనక్కి రాగానే లేచి నిలబడ్డాడు.

"సార్, అగోరో అవ్వకు డెబ్బై ఆరేళ్లు. ఆవిడ బండి ఎలా నడుపుతుంది?"

"ఎవరావిడ?"

"బేకరీ సిగ్నల్ దగ్గర మీతో మాట్లాడే ఆవిడ సార్. బస్సు గురించి."

కవాదాస్ గారి ముఖం మెత్తబడింది. "నాతోనా? నేనేమన్నాను?"

"మీరు తలూపారు సార్."

"మరింకేం, పట్టించుకున్నట్టే కదా" అన్నారు ఆయన తృప్తిగా, మంత్రిగారితో భోజనానికి పోతూ.

తర్వాతి సోమవారం స్తెర్యోస్ ఆఖరిసారి ఆ బండి ఎక్కాడు. నెలాఖరు దాకా జీతం ఉంది కాబట్టి నెలాఖరు దాకా నడపమన్నారు. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడింది. జనం వరస కట్టారు. అతను స్టాండు వేసి, పట్టీ విప్పి, హెల్మెట్ తీసేశాడు. గాలి చల్లగా తగిలింది. తన పేరు స్తెర్యోస్ అని, డ్రైవరునని, నలభై రోజులూ వచ్చింది తనేనని, సారు వెనక కారులో దుప్పటి కింద ఉన్నారని నెమ్మదిగా, అందరికీ వినబడేలా చెప్పాడు.

లాంబ్రోస్ అతని వైపు జాలిగా చూశాడు.

"సారుకు ఒంట్లో బాగాలేదా ఇవాళ?" అన్నాడు. "మొన్న సభలో కూడా నీరసంగానే కనబడ్డాడు. పాపం, ఈ చలిలో రోజూ బండి మీద."

స్తెర్యోస్ మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ఒకామె శిలువ గుర్తు వేసుకుని సారు ఆరోగ్యం కోసం కొవ్వొత్తి వెలిగిస్తానంది. అగోరో అవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వు ఆయన డ్రైవరువా నాయనా? అయితే నా మాటగా చెప్పు. బస్సు తీసేస్తున్నారంటున్నారు, ఆయనకు తెలిసి ఉండదు. తెలిస్తే ఊరుకోడు."

పచ్చదీపం పడింది. వెనక కారు హారన్ కొట్టింది.

ఆ సాయంత్రమే స్తెర్యోస్ దగ్గర హెల్మెట్, జాకెట్టు, తాళాలు తిరిగి తీసుకుని సంతకం పెట్టించుకున్నారు. ఈస్టర్ అయ్యాక బస్సు ఆగిపోయింది. మొదటి సోమవారం పొద్దున్నే స్తెర్యోస్ కొట్టంలోంచి తన పాత బండి తీశాడు. నూట పాతిక సీసీ, ఒకప్పటి పాల బండి. తసూలా వెనక సీటుకు దిండు కట్టింది, అడక్కుండానే. పెత్రీలియా పోయి అగోరో అవ్వను ఎక్కించుకున్నాడు. ఆమె అతని నడుం చుట్టూ చేతులు వేసి కొండ దిగినంతసేపూ దేవుణ్ని తలుచుకుంది. తిరుగు ప్రయాణంలో కళ్లు తిరిగి ఆమె పక్కకు వాలిపోతుందేమోనని తన నడుముకూ ఆమె నడుముకూ కలిపి శాలువా కట్టుకున్నాడు. బుధవారం కూడా అలాగే. శుక్రవారం కూడా.

రెండో వారం ప్రాంతీయ పత్రికలో మొదటి పేజీలో ఫోటో పడింది. మలుపు దగ్గర దూరం నుంచి తీసింది. హెల్మెట్ పెట్టుకున్న ఒక మనిషి, వెనక నల్ల తలగుడ్డ కట్టుకున్న ముసలమ్మ. తమ ఆఫీసు పనుల మధ్య వారానికి మూడుసార్లు స్వయంగా రోగిని ఆస్పత్రికి చేర్చుతున్న అధ్యక్షులు అరిస్తిదిస్ కవాదాస్ గారు అని కింద రాశారు. దాంతో ఆయన మీద ప్రజల నమ్మకం డెబ్బై నాలుగు శాతానికి పోయింది.

ఆ బుధవారం స్తెర్యోస్ ఎప్పటిలాగే ఆస్పత్రి మెట్ల దగ్గర బండి ఆపబోయాడు. అక్కడ నేల మీద కొత్తగా పసుపు గీతలు గీసి ఉన్నాయి. రంగు ఇంకా ఆరలేదు. కాపలా మనిషి పరుగున వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇక్కడ కాదన్నా, అటు సంత వైపు పెట్టుకో" అన్నాడు. "ఇది అధ్యక్షుల వారి బండి చోటు. సోమ, బుధ, శుక్ర వస్తారు."

అవ్వను దించి పోతానన్నా ఒక్క నిమిషం ఆపనివ్వలేదు, అవతల చోటేదీ ఖాళీ లేదు. స్తెర్యోస్ బండి తిప్పి అగోరో అవ్వను సంత దాకా తీసుకుపోయి దించాడు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఆస్పత్రి వైపు వెనక్కి నడవసాగారు.