నెత్తిమీద చెయ్యి

ఆ ఆదివారం పొద్దున మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి జుట్టుకు రంగు, పదింటికి స్నానం, పదకొండింటికి ట్రంపెట్ తుడిచి నూనె వేయడం, మూడింటికి బారుకు ప్రయాణం. ఇందులో తప్పు పట్టడానికి ఏముందండీ? యాభై రెండేళ్ళ మనిషి, పదిమంది ముందు నిలబడి ఊదవలసినవాడు, చెవుల పక్కన నెరిసింది కనిపించకుండా చూసుకుంటే కొంపలేమన్నా మునుగుతాయా? మునిగాయి కాబట్టే చెప్పుకుంటున్నాం.

"డబ్బా మీద రాసింది చదివారా? ముందు చెవి వెనక చుక్కంత రాసుకుని, ఒకరోజు ఆగి చూడమన్నారు," అంది భార్య స్నానాలగది తలుపు దగ్గర నిలబడి.

"ఒకరోజు ఆగితే రేపవుతుంది. కచేరీ ఇవాళ."

"ఎప్పుడూ తెచ్చేది కాదిది. ఏదో కొత్త రకం."

"నలుపులో రకాలేమిటే, నలుపు నలుపే," అని మాస్టారు బ్రష్షు అందుకున్నాడు. "ఇంకో మాట. మనవాళ్ళెవరికీ ఈ సంగతి తెలియకూడదు."

మనవాళ్ళంటే బ్యాండువాళ్ళు. మాస్టారితో కలిపి నలుగురు. పియానో వాయించేది ఆయన సొంత చెల్లెలు. బాస్ అనే నిలువెత్తు తీగల వాయిద్యం వాయించే పొడుగాటి మనిషిని అందరూ నిచ్చెన అంటారు. డ్రమ్ములు వాయించేవాడు పిడుగు. మామూలుగా మాట కూడా గట్టిగా మాట్లాడడు గానీ, కర్రలు చేతికిస్తే ఆ పేరెందుకొచ్చిందో ఇరుగుపొరుగుకి కూడా అర్థమవుతుంది. నిచ్చెన బట్టతలనీ, పిడుగు నెరిసిన మీసాన్నీ మాస్టారు ఏళ్ళతరబడి ఆటపట్టిస్తూ వచ్చాడు. "నన్ను చూసి నేర్చుకోండిరా. ఒక్క వెంట్రుక నెరవలేదు. ఊపిరి సరిగ్గా పీల్చేవాడికి ముసలితనం రాదు," అని గొప్పలు కూడా పోయాడు. ఇప్పుడు డబ్బా సంగతి బయటపడితే ఇంకేమైనా ఉందా!

పదకొండేళ్ళుగా ఈ నలుగురూ ఊళ్ళో బార్లన్నీ తిరిగి జాజ్ వాయిస్తున్నారు. ఒక వారం ఇక్కడ, ఒక వారం అక్కడ, మూడు వారాలు ఎక్కడా లేదు. ఇలా ఉండగా పిడుగుకి ఒక ఓడలోని బ్యాండు నుంచి పిలుపు వచ్చింది. దాచకుండా వచ్చి చెప్పేశాడు. "ఆదివారం మనం నచ్చితే ప్రతి శనివారం మనకే ఇస్తానన్నాడు కదా ఆ బారు ఓనరు. అది కుదిరితే మీతోనే ఉంటా మాస్టారూ. కుదరకపోతే సోమవారం ఓడవాళ్ళకి సరే అంటా. నన్ను తిట్టుకోకండి." పిడుగు పోతే నిచ్చెన కూడా మానేస్తాడు. చెల్లెలు స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటుంది. తను ఒక్కడే ఇంట్లో గోడకి ఎదురుగా నిలబడి ఊదుకోవాలి.

జాజ్‌లో ఒక పద్ధతి ఉంది. అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరే తమకు తోచినట్టు దాన్ని పెంచుకుంటూ పోతారు. ఎవరి వంతు ఎప్పుడో, ఎక్కడ ముగించాలో ముందు అనుకోరు. ట్రంపెట్ నోట్లో ఉన్నవాడు నోటితో చెప్పలేడు కదా, అందుకని సైగలు. మాస్టారు వేలు చూపిస్తే ఆ మనిషి వంతు. నడినెత్తిన అరచెయ్యి పెడితే అందరూ పాట మొదటికొచ్చి, ఒక్కసారి వాయించి ముగించాలి. పదకొండేళ్ళలో ఆ చెయ్యి నెత్తికెక్కాక ఆగని పాట లేదు. కళ్ళు మూసుకుని వాయించే నిచ్చెన కూడా అరకన్ను మాస్టారి నెత్తిమీదే ఉంచుతాడు.

బారు చిన్నదే. చేతికందే పైకప్పు, బోర్లించిన గ్లాసుల వరసలు, గోడ గడియారం, వంటగదికి తోస్తే ఊగే తలుపు, ఆ తలుపుకి గుండ్రటి అద్దం. నాలుగయ్యేసరికి బల్లలన్నీ నిండాయి. మూల బల్ల దగ్గర మాస్టారి భార్య కూర్చుంది. ఓనరు భుజం మీద తుడుపుగుడ్డతో వచ్చి, "నాలుగు నుంచి ఆరు. కానివ్వండి, నేను ఓ కంట కనిపెడుతూనే ఉంటా," అని వంటగదిలోకి వెళ్ళిపోయాడు. పన్నెండు పాటలు సిద్ధంగా ఉన్నాయి, ఒక్కోటి పది నిమిషాలు. లెక్క సరిగ్గా సరిపోయింది.

మొదటి పాట ఎత్తుగడ బ్రహ్మాండంగా వచ్చింది. మాస్టారు వేలు చూపించాడు. చెల్లెలు అందుకుంది. సరిగ్గా అప్పుడు ఆయన నడినెత్తిన చీమ పాకినట్టయింది. కుడిచెయ్యి ఖాళీగానే ఉంది కదా, అదే పైకి వెళ్ళి ఒక్కసారి గట్టిగా అదిమింది.

చెల్లెలు ఉలిక్కిపడింది. అయినా సైగ సైగే. వేళ్ళు వెనక్కి తిప్పుకుని పాట మొదటికొచ్చింది, మిగతా ఇద్దరూ వచ్చారు, గత్యంతరం లేక మాస్టారూ వచ్చాడు. పాట అయిపోయింది. జనం చప్పట్లు కొట్టారు. "పాపం, కంగారు పడింది కాబోలు," అనుకున్నాడు మాస్టారు.

రెండో పాటలో నిచ్చెనకి వంతు వచ్చింది. బాస్ వాయించేవాడికి అలాంటి వంతు పూటకి ఒక్కసారి దక్కితే గొప్ప. దానికోసం నిచ్చెన నెలరోజులు సాధన చేశాడు. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, మాస్టారి చెయ్యి మళ్ళీ నెత్తినెక్కింది. ఈసారి గోళ్ళతో సహా. మూడో పాటలో పిడుగు కర్రలెత్తాడు, ఎత్తిన కర్రలు దించేలోపు అదే చెయ్యి, అదే నెత్తి. తను ఊదేటప్పుడు చేతులు రెండూ ట్రంపెట్ మీద ఉంటాయి, ఎదుటివాడి వంతు రాగానే చెయ్యి ఖాళీ అవుతుంది. ఇక చూడండి, మాస్టారి వాయింపు నిండుగా సాగుతోంది, మిగతా ముగ్గురిదీ మొగ్గలోనే తెగిపోతోంది.

"అన్నయ్యా, ఎందుకలా అందర్నీ తెంపేస్తున్నావు?" అంది చెల్లెలు చప్పట్ల మధ్య.

"నేను తెంపడమేంటే? మీరే కదా మధ్యలో ముగించేస్తున్నారు!"

"నెత్తిన చెయ్యి పెడుతోంది నువ్వా, మేమా?"

మాస్టారికి అప్పుడు అర్థమైంది. గడియారం చూశాడు. పది నిమిషాల్లో మూడు పాటలు హరీమన్నాయి. వంటగది తలుపు అద్దంలో ఓనరు ముఖం కనిపించింది. అతనూ గడియారమే చూస్తున్నాడు. నిజం చెప్పేస్తే రెండు ముక్కల్లో పోయేది. కానీ జుట్టు సంగతి నోరు విప్పి ఎలా చెప్తాడు? తేలు కుట్టిన దొంగలా పళ్ళు బిగించాడు.

"ఇప్పటి నుంచి నెత్తి లెక్కలోది కాదు," అన్నాడు. "కుడిచెవి పట్టుకుంటేనే ముగింపు. వాళ్ళకి కూడా చెప్పు."

"పదకొండేళ్ళ సైగ ఇప్పుడెందుకు మార్చడం?"

"చెప్పింది చెయ్యవే తల్లీ!"

చెల్లెలు నిచ్చెనకి చెప్పింది. నిచ్చెన వెనక్కి తిరిగి పిడుగుకి చెప్పాడు. డ్రమ్ముల మోతకి పిడుగు చెవుల్లో దూది పెట్టుకుంటాడన్నది ఎవరికి గుర్తుంది? పైగా అతని మనసు అప్పటికే చివుక్కుమని ఉంది. వినకుండానే "ఊఁ" అన్నాడు.

నాలుగో పాట నడుస్తుండగా మాస్టారి గోళ్ళు నెత్తిమీద పడ్డాయి. పిడుగు పాత సైగే అనుకుని చివరిసారి వాయించి, ధడేలుమని ముగించి కర్రలు ఒళ్ళో పెట్టుకున్నాడు. పాట అయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. మిగతా ఇద్దరూ ఆగలేదు. పిడుగు బిత్తరపోయి మళ్ళీ మొదలుపెట్టాడు. ఈలోగా దురద మెల్లగా కిందికి దిగి కుడిచెవి వెనక్కి చేరింది. భార్య చుక్కంత రాసి చూసుకోమన్నది అక్కడే! మాస్టారు చెవి పట్టుకుని నులిమాడు. చెల్లెలూ నిచ్చెనా పాట మొదటికొచ్చి ముగించేశారు. రెండోసారి చప్పట్లు. పిడుగు ఒక్కడే వాయిస్తూ మిగిలి, ఇక తప్పదని తనూ ఆపాడు. మూడోసారి చప్పట్లు. ఒకే పాటకి ముమ్మారు చప్పట్లు కొట్టిన జనం మొహమొహాలు చూసుకున్నారు.

ఆ తర్వాత మాస్టారి తల ప్రాణం తోకకొచ్చింది. ఐదోది రెండు నిమిషాలు. ఆరోది అంతకన్నా తక్కువ. నెత్తికి ఒకరు, చెవికి ఇద్దరు ఆగుతూ, ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఎలాగోలా కలిసి ముగిస్తూ పోయారు. ఓనరు అద్దంలోంచి నాలుగుసార్లు తొంగిచూశాడు, నాలుగుసార్లూ ఏదో లెక్కపెడుతున్నట్టు పెదాలు కదిపాడు. మన తప్పులే లెక్కపెడుతున్నాడనుకున్నాడు మాస్టారు. ఐదుకి పావుగంట తక్కువకల్లా పదకొండు పాటలు అయిపోయాయి. ఇంకా గంటకు పైగా ఉంది, చేతిలో మిగిలింది ఒక్కటే పాట.

పది నిమిషాలు విరామం చెప్పి వెనకగదిలోకి వెళ్ళేసరికి పిడుగు కర్రలు సంచిలో సర్దుకుంటున్నాడు.

"ఎక్కడికిరా?"

"ఇక్కడ నా అవసరం లేదని తెలిసిపోయింది కదా మాస్టారూ. నేను కర్ర ఎత్తితే చాలు మీకు నెత్తిన చెయ్యి పడుతోంది. నచ్చకపోతే నచ్చలేదని మొన్నే చెప్పాల్సింది. శనివారాలు వచ్చినా రాకపోయినా నేను ఓడకే పోతా."

"నా వంతు కూడా నాలుగు దెబ్బలకే కోశారు. నెలరోజులు చచ్చీచెడీ నేర్చుకున్నా," అన్నాడు నిచ్చెన.

మాస్టారు ఒకసారి తలుపు వైపు చూశాడు, ఒకసారి చెల్లెలి వైపు చూశాడు. ఇక సిగ్గు దాచుకుంటే బ్యాండు పోతుంది. "రంగు వేసుకున్నానురా," అన్నాడు నేల చూపులు చూస్తూ. "పదేళ్ళుగా వేసుకుంటున్నా. ఇవాళ్టిది పడలేదు. తల భగ్గుమంటోంది. గోక్కుంటున్నానురా నేను, మిమ్మల్ని ఆపడంలేదు. నువ్వు కర్ర ఎత్తితే నాకు ప్రాణం లేచొస్తుంది. నువ్వు పోతే నేనేమైపోవాలి?"

చెవిలో దూది తీసి, "ఏమన్నారూ?" అన్నాడు పిడుగు.

అదంతా మళ్ళీ ఒకసారి చెప్పవలసి వచ్చింది. రెండోసారి చెప్పేటప్పుడు చెల్లెలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, నిచ్చెన గోడకి తిరిగి భుజాలు ఊగేలా నవ్వాడు. పిడుగు మాత్రం నవ్వలేదు. మాస్టారి జుట్టు దగ్గరగా చూసి, "ఊపిరి బాగా పీల్చేవాడికి..." అని మొదలుపెట్టి, అప్పుడు పగలబడి నవ్వాడు. కర్రలు సంచిలోంచి బయటకొచ్చాయి.

అప్పుడే భార్య లోపలికొచ్చి తడిగుడ్డతో ఆయన మెడ తుడిచింది. "చెప్తే విన్నారా? సరే, ఇప్పుడైనా వినండి. ప్రాణం పోయినా సరే, రెండు చేతులూ ట్రంపెట్ మీంచి తియ్యకండి."

మిగిలిన ఆ ఒక్క పాటా మాస్టారు సొంతంగా కట్టినది. రెండేళ్ళు పట్టింది. ఈసారి ఎవరి వంతునీ తెంపేది లేదని ఒట్టేసుకుని ఎక్కారు. చెల్లెలు ఎన్నాళ్ళుగానో దాచుకున్నదంతా విప్పింది. నిచ్చెన నెలరోజుల సాధన చివరి దెబ్బ వరకూ వినిపించాడు. వాళ్ళు వాయిస్తున్నంతసేపూ మాస్టారు ట్రంపెట్‌ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. నెత్తి మండుతోంది, చెవులు మండుతున్నాయి, మెడ మీద వెయ్యి చీమలు. వేలిగోళ్ళు తెల్లబడ్డాయి. పిడుగు ఎత్తిన కర్రలు ఈసారి నింపాదిగా దిగి, ఆ చిన్న గదిని ఊపేశాయి. చివరగా మాస్టారు ట్రంపెట్ పెదాలకు పెట్టుకునేసరికి ఆయన కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. అది చూసి ముందు బల్ల దగ్గరావిడ కళ్ళొత్తుకుంది. పట్టుకున్న గ్లాసులు పట్టుకున్నట్టే ఉన్నాయి, వెయిటర్లు కూడా ట్రేలు పొట్టకి ఆనించుకుని నిలబడిపోయారు. జీవితంలో ఇంత బాగా ఎప్పుడూ ఊదలేదని మాస్టారికి తెలుసు. ఇరవై రెండు నిమిషాల తర్వాత పాట ముగిస్తే, ఊపిరి తీసుకున్నాక గానీ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఓనరు తలుపు తోసుకుని వచ్చాడు. మాస్టారు ట్రంపెట్ కింద పెట్టాడు.

"శనివారం నుంచి వచ్చెయ్యండి," అన్నాడు ఓనరు. "ఏడాది పాటు మీకే. ఎందరో బ్యాండువాళ్ళని చూశానండీ, పని తెలిసినవాళ్ళని ఇవాళే చూశా. పాట ఆగితే జనం చప్పట్లు కొడతారు. చప్పట్లు కొట్టాలంటే గ్లాసు కింద పెట్టాలి. పెట్టాక చూస్తే అది ఖాళీ! అప్పుడు మా వెయిటరు పక్కనే ఉంటాడు. ముప్పావు గంటలో పదమూడు పాటలు, అబ్బో!"

"పదకొండేనండీ," అన్నాడు మాస్టారు నీరసంగా.

"నేను లెక్కపెట్టా కదా, పదమూడు. ఆ చివరిదొక్కటే సాగదీశారు. నా వెయిటర్లు నలుగురూ ఇరవై నిమిషాలు చేతులు ముడుచుకుని నిలబడ్డారు. అలాంటిది మాత్రం ఇంకెప్పుడూ వద్దు. దేన్నైనా రెండు నిమిషాల్లో తేల్చెయ్యాలి. ఒప్పుకుంటారా?"

మాస్టారికి లోపల ఏదో తెగినట్టయింది. పక్కకి చూశాడు. పిడుగు డ్రమ్ముల వెనక ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. నెరిసిన మీసం మీద చెమట, కళ్ళలో చిన్నపిల్లాడి ఆశ. నిచ్చెనా అలాగే చూస్తున్నాడు, చెల్లెలూ అలాగే చూస్తోంది. ఈ ముగ్గురూ ఉంటే రెండు నిమిషాలైనా చాలుననిపించింది ఆయనకి. ఆ మాట అనుకోవడానికి కష్టమైంది గానీ, అబద్ధం మాత్రం కాదు.

"ఒప్పుకున్నామండీ," అన్నాడు. ఆ తర్వాత కళాకారుడి ప్రాణం ఊరుకోక, "పోనీ, మొదటివాటిలో మీకు బాగా నచ్చినదేదో చెప్పండి," అని అడిగాడు.

"అబ్బే, వంటగదిలో ఫ్యాను మోతకి పాటలేం వినపడతాయండీ, చప్పట్లే కాస్త వినిపిస్తాయి," అన్నాడు ఓనరు.