టోపీ పిన్ను పెన్నైన విధము

చరిత్రకు మంచి రోజులు వచ్చాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఉన్నత పాఠశాలలో ముప్ఫై రెండేళ్ళు చరిత్ర చెప్పి, తన గొంతు వింటూ రెండు తరాల పిల్లలు హాయిగా నిద్రపోవడాన్ని కళ్ళారా చూసి పదవీ విరమణ చేసిన చరిత్ర మాస్టారిని, మెయిన్‌రోడ్డు మీద కొత్తగా తెరిచిన జర్మనీ కార్ల షోరూము వారు పిలిచి మరీ ఉద్యోగంలో పెట్టుకున్నారు.

ఆ షోరూము ఉన్న భవనం ఒకప్పుడు గ్రంథాలయం. కప్పు కారుతోంది, పుస్తకాలు తడిసిపోతున్నాయి మహాప్రభో అని పాఠకులు పన్నెండేళ్ళు అర్జీలు పెట్టుకున్నారు. కార్లు తడవకూడదు కనుక కప్పు పన్నెండు రోజుల్లో బాగైంది. పుస్తకాలు ఎక్కడికి తరలిపోయాయన్న విషయమై విచారణ సజావుగా సాగుతోంది.

షోరూము మేనేజరు మాస్టారి పూర్వ విద్యార్థి. చరిత్రలో వందకు పదకొండు మార్కులు తెచ్చుకున్న ఘనుడు. ఆ పదకొండూ దస్తూరీ గుండ్రంగా ఉందని మాస్టారు దయతలచి వేసినవే.

"ఈ కారు కొనేవాళ్ళు కారు కొనరు మాస్టారూ," అన్నాడు మేనేజరు.

"మరేం కొంటార్రా?"

"చరిత్ర కొంటారు. పైనుంచి సర్క్యులర్ వచ్చింది. మాది నూట ముప్ఫై ఏళ్ళ పైబడిన చరిత్ర. ఎదురు షోరూము వాడికి ముప్ఫయ్యేళ్ళు కూడా లేవు. కస్టమరుకి కాఫీ వచ్చేలోగా మీరో పది నిమిషాలు మా చరిత్ర చెప్పాలి."

"నిద్రపోతేనో?"

"కారు గురించి చెబుతుంటే నిద్రపోయేవాడు ఇంకా పుట్టలేదండీ."

ఆ విధంగా మాస్టారు 'వారసత్వ సలహాదారు' అయ్యారు. నల్ల సూటు కుట్టించారు. మొదటిరోజు సాయంత్రం ఆ సూటులో ఇంటికి వెళ్ళి గంట కొడితే, భార్య తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అంది.

మాస్టారు పనిని ఆషామాషీగా తీసుకునే మనిషి కాదు. దొరికిన పుస్తకాలన్నీ చదివి, పొడుగు నోటుబుక్కులో రాసుకుని, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని భార్య ముందు రిహార్సలు మొదలుపెట్టారు. ఆవిడ కూర తరుగుతోంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ మాస్టారి చరిత్రకు ఇచ్చిన సమాధానం ఒక్కటే: "ఊఁ." సామ్రాజ్యాలు కూలినా ఊఁ, సంధిపత్రాలు చించేసినా ఊఁ. ఆ ఊఁ తెగేది కాదు, ముడిపడేదీ కాదు.

"ఈ కంపెనీ మూలపురుషుడు కారు కనిపెట్టాడు గానీ దాన్ని దూరప్రయాణానికి తీయలేదు. జనం నమ్మలేదు. అప్పుడు, వెయ్యిన్నీ ఎనిమిది వందల ఎనభై ఎనిమిదిలో, ఆయన భార్య ఏం చేసిందంటే... ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని, తెల్లవారుజామునే కారు బయటికి తోసుకుని వెళ్ళిపోయింది."

కత్తిపీట ఆగింది.

"మొగుడికి చెప్పకుండానా?"

"చెప్పకుండానే. నూరు కిలోమీటర్ల పైచిలుకు. దారిలో పెట్రోలు గొట్టం అడ్డుపడితే, టోపీ జారకుండా జుట్టులో గుచ్చుకున్న టోపీ పిన్ను తీసి పొడిచి బాగుచేసింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. లోకంలో మోటారు కారు మీద మొట్టమొదటి దూరప్రయాణం అదే."

"ఇంతకీ ఎక్కడికి వెళ్ళింది?"

"పుట్టింటికి."

ఆవిడ తరిగిన ముక్కల్ని పక్కకు నెట్టి, "తర్వాత?" అంది.

మాస్టారి కళ్ళు చెమర్చాయి. చరిత్ర చెబుతుంటే 'తర్వాత?' అన్న ప్రాణిని ఆయన చూడటం అదే మొదలు. ఆవిడ పుట్టిల్లు మూడు గంటల దూరంలో ఉందనీ, వెళ్ళొద్దామని ఆవిడ అడిగినప్పుడల్లా తాను "వచ్చేవారం" అంటూ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాననీ ఆ ఆనందంలో ఆయనకు తట్టలేదు. ఒక్కతినీ పంపడం ఆయనకు ఇష్టం లేదు. దారి మంచిది కాదట.

షోరూములో తొలి శ్రోత రోడ్ల కాంట్రాక్టరు. భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. సేల్సు కుర్రాళ్ళను చూడగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మన రోడ్ల మీద ఈ బండి తట్టుకుంటుందా?" అని. ఆ రోడ్లన్నీ వేసింది తానే కనుక ఆయన భయం ఆధారం లేనిది కాదు.

మాస్టారు చరిత్ర అందుకున్నారు. ఒక వ్యాపారి మూడు డజన్ల కార్లు ఒక్కసారే ఆర్డరిచ్చి, వాటికి తన కూతురి పేరు పెట్టించుకున్నాడని, ఆ పేరే ఇప్పటికీ చెలామణిలో ఉందని చెప్పగానే కాంట్రాక్టరు ముందుకు జరిగాడు.

"అయితే మా అల్లుడి పేరు పెట్టించండి."

"ముప్ఫై ఆరు కార్లు కొనాలండీ."

కాంట్రాక్టరు కాసేపు ఆలోచించి, "వాడంత విలువ చేయడు," అని ఒక కారుతో సరిపెట్టుకున్నాడు.

తాళాలు అందించే రోజున ఎర్ర తివాచీ పరిచారు. మేనేజరు తాళంచెవి చాపాడు. కాంట్రాక్టరు చేయి చాచేలోగా ఆయన భార్య చెయ్యి ముందుకొచ్చి దాన్ని అందుకుంది. "నేను నేర్చుకుంటానండీ," అంది. అందరూ గట్టిగా నవ్వారు. ఫొటోగ్రాఫరు, "మంచి జోకమ్మా, ఇటు చూడండి," అన్నాడు. మర్నాడు ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో చేరింది. కాంట్రాక్టరు మాత్రం తాను వేసిన రోడ్డెక్కే సాహసం చేయలేక, కారుకు ముసుగు కప్పి షెడ్డులో పెట్టి, పాత జీపులోనే తిరగసాగాడు. సాయంత్రాలు చుట్టాలొస్తే ముసుగెత్తి చూపించేవాడు.

మాస్టారి కీర్తి పాకిపోయింది. పదో తరగతిలో ఆయన పాఠానికి గురకపెట్టిన పెద్దమనుషులే ఇప్పుడు నోటుబుక్కులు తెచ్చుకుని సందేహాలు అడుగుతున్నారు. ఒక డాక్టరుగారు రోగుల్ని వరండాలో కూర్చోబెట్టి వచ్చి మరీ విన్నారు. భార్యలు గుంపులుగా వచ్చి, కారు సంగతి వదిలేసి, పుట్టింటి ప్రయాణం మాత్రం మళ్ళీ చెప్పమన్నారు. నెల తిరిగేసరికి డ్రైవింగ్ స్కూల్లో పదకొండుమంది ఆడవాళ్ళు చేరారు. పన్నెండో ఆవిడ మాస్టారి భార్య. రోజూ పొద్దున్నే కూరగాయలకని వెళ్ళి ఖాళీ సంచీతో తిరిగొస్తున్నా, సూటు ఇస్త్రీ హడావుడిలో ఉన్న మాస్టారు గమనించలేదు.

ఇట్లుండగా, పట్టణంలోని పదిహేడుమంది భర్తల సంతకాలతో షోరూముకు ఒక వినతిపత్రం అందింది. 'మీ వద్ద చెప్పబడుతున్న చరిత్ర వలన మా కుటుంబములలో తాళంచెవులు ఉన్నచోట ఉండుట లేదు. కావున తగు చర్య తీసుకొనవలెనని ప్రార్థన' అన్నది దాని సారాంశం.

షోరూము యజమాని అత్యవసర సమావేశం ఏర్పాటు చేశాడు. ఆయనకు సిమెంటు వ్యాపారంతో పాటు నాలుగు ప్రైవేటు స్కూళ్ళు కూడా ఉండటం వల్ల విద్య మీద అపారమైన గౌరవం.

"సోదరులారా!" అన్నాడు. "చరిత్ర మన ఆస్తి. ఆస్తి అన్నాక, అవసరాన్ని బట్టి గోడలు జరుపుకునే హక్కు మనకు లేదా? ఎక్కడో, ఎప్పుడో, ఎవరో ఒకావిడ అలా వెళ్ళి ఉండొచ్చు. నేను కాదనను. కానీ కస్టమరు మనసు నొప్పించే చరిత్ర నిజమైనా సరే, మంచి చరిత్ర అనిపించుకోదు!"

చప్పట్లు మోగాయి. అక్కడికక్కడే చరిత్ర సవరణ సంఘం ఏర్పడింది. అందులో మేనేజరు, కాంట్రాక్టరు, అకౌంటెంటు సభ్యులు. ఒక మనిషి తక్కువయ్యాడని కాఫీ మిషను దగ్గరుండే ఆయన్ని కూడా వేసుకున్నారు. భర్తే కారు నడిపాడనీ, భార్య పక్కన గొడుగు పట్టుకుని కూర్చుందనీ మొదటి పావుగంటలోనే ఏకగ్రీవంగా తేలింది. చిక్కంతా టోపీ పిన్ను దగ్గర వచ్చింది. మగవాడి దగ్గర టోపీ పిన్ను ఎందుకుంటుంది? రెండు విడతలు కాఫీ తాగాక అకౌంటెంటు జేబులోకి చూసుకుని, "పెన్ను!" అని కేక పెట్టాడు. సభ్యులు ఆయన్ని కౌగిలించుకున్నారు. కారు కొన్నవారికి ఆ చారిత్రక పెన్ను నమూనా ఒకటి కానుకగా ఇవ్వాలని కూడా తీర్మానించారు.

"ఒరేయ్, అలా జరగలేదురా," అన్నారు మాస్టారు.

మేనేజరు ఎంతో వినయంగా, "మాస్టారూ, నాకు మీరు పదకొండు మార్కులు వేశారు. నేను రాసిందంతా జరిగిందనేనా వేశారు?" అన్నాడు.

మాస్టారు సూటు గుండీ సర్దుకున్నారు. ఇంట్లో కూర్చుంటే తన మాట వినేదెవరు? ఇక్కడైతే నలభై జతల కళ్ళు ఆయన మొహం మీదే ఉంటాయి. ముప్ఫై రెండేళ్ళ ఆకలి అది. ఆయన తలూపారు.

ఆదివారం కస్టమర్ల సమ్మేళనంలో సవరించిన చరిత్ర విడుదలైంది. భర్త స్టీరింగు పట్టాడు, భార్య గొడుగు పట్టింది, పెన్ను గొట్టంలో దూరింది. కాంట్రాక్టరు కళ్ళు తుడుచుకున్నాడు. చప్పట్ల మధ్య మూడో వరసలోంచి ఒక చెయ్యి లేచింది. మాస్టారి భార్యది. కాంట్రాక్టరు భార్య పక్కన కూర్చుని ఉంది.

"చిన్న సందేహం మాస్టారూ," అంది, ఎవరో పరాయావిడలా. "ఆ టోపీ పిన్ను పెన్నెప్పుడయిందండీ?"

"అది... ఇటీవలి పరిశోధనల్లో తేలిందండీ," అన్నారు మాస్టారు. గబగబా నోటుబుక్కు పేజీ తిప్పారు.

ఇంటికొచ్చాక ఆవిడ అన్నం పెట్టింది. మాస్టారు సర్దిచెప్పబోయారు. సంస్థ అన్నాక కొన్ని ఇబ్బందులుంటాయని, చరిత్రను అనేక కోణాల్లోంచి చూడాల్సి ఉంటుందని, పెన్ను కూడా ఒక విధంగా చూస్తే...

"ఊఁ," అంది ఆవిడ.

ఆ రాత్రి మాస్టారు కంచం ముందు నుంచి లేచి, నోటుబుక్కులో టోపీ పిన్ను ఉన్న పేజీ మళ్ళీ తీశారు. పదిహేడుమంది భర్తల సంతకాలు చేయలేని పని ఆ ఒక్క ఊఁ చేసింది.

షోరూము వార్షికోత్సవానికి ఊళ్ళోని పెద్దలంతా వచ్చారు. యజమాని మాస్టారిని 'సజీవ చరిత్ర' అని పరిచయం చేశాడు. మాస్టారు మైకు ముందు నిలబడి, దగ్గి, "పెన్ను కాదండీ, టోపీ పిన్ను," అన్నారు. "నడిపింది ఆవిడే. గొడుగు లేదు. ఆయన ఇంట్లో నిద్రపోతున్నాడు. నేను అబద్ధం చెప్పాను." ఆడవాళ్ళ వరసల్లోంచి చప్పట్లు. యజమాని చిరునవ్వు చెరగనీయకుండా వేదిక మీదే మాస్టారికి శాలువా కప్పి, వారి అమూల్య సేవలకు కృతజ్ఞతగా ఈ క్షణం నుంచే విశ్రాంతి ప్రసాదిస్తున్నట్టు ప్రకటించాడు. ఇప్పుడు ఆ స్థానంలో పెద్ద తెర ఉంది. చరిత్ర అదే చెబుతుంది, పెన్నుతో సహా. దానికి మనస్సాక్షి లేదు, భార్య అసలే లేదు.

మాస్టారు శాలువాతో ఇల్లు చేరారు.

"ఏం చెప్పారు?" అంది భార్య.

"టోపీ పిన్ను అనే చెప్పాను."

"తర్వాత?"

"ఉద్యోగం పోయింది."

ఆవిడ ఫక్కున నవ్వింది. ఇంత హాయిగా నవ్వి ఎన్నాళ్ళయిందో మాస్టారికి తేదీ గుర్తురాలేదు. తేదీలు గుర్తుపెట్టుకోవడమే ఆయన వృత్తి మరి.

"అయితే రేపు ఖాళీయేగా. అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళొద్దాం రండి."

"బస్సు ఎన్నింటికి?"

"బస్సెందుకు?" అని ఆవిడ పర్సులోంచి లైసెన్సు తీసి ఆయన చేతిలో పెట్టింది. మాస్టారు దాన్ని శాసనం చదివినట్టు రెండువైపులా చదివారు. ఫొటోలో ఆవిడ నవ్వుతోంది.

తెల్లారి కాంట్రాక్టరు ఏదో రోడ్డు ప్రారంభోత్సవానికి వెళ్ళగానే ఆయన భార్య షెడ్డు తలుపులు తీసి, కారు ముసుగు లాగి అవతల పారేసి, ముందే అనుకున్నట్టు మాస్టారి భార్యకు ఫోను చేసింది. "అక్కా, పాపం ఇది పుట్టి ఇన్నాళ్ళయినా రోడ్డు మొహం చూడలేదు. నేను కూడా వస్తాను, పదండి." సగం దూరం ఆవిడ నడిపింది. తర్వాత మాస్టారి భార్య స్టీరింగు అందుకుంది. వెనకసీట్లో మాస్టారు రెండు చేతులతోనూ తలుపు పిడిని పట్టుకుని, లారీ కనిపించినప్పుడల్లా "చూసుకో, చూసుకో" అన్నారు. "మీరు కిటికీలోంచి పొలాలు చూడండి," అన్నారు ముందున్న ఇద్దరూ ఒకేసారి. గుంతల మీద కారు తేలిపోతుంటే, నూట ముప్ఫయ్యేళ్ళ కీర్తి ఊరికే రాలేదని మాస్టారికి మొదటిసారి అర్థమైంది. ఇన్నాళ్ళూ దాని గురించి చెప్పడమే గానీ ఎక్కింది లేదు.

దారిలో పెట్రోలు బంకులో ఆగారు. జర్మనీ కారును చూసి బంకు మనిషి చేతిలో పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. సలాం కొట్టాడు. స్టీరింగు ముందున్న మాస్టారి భార్యను దాటి, ఆవిడ పక్కనున్న కారు యజమానురాలిని దాటి, చుట్టూ తిరిగొచ్చి వెనక అద్దం మీద మెల్లిగా కొట్టాడు.

"ఎంత కొట్టమంటారు సార్?"

"నన్నడుగుతావేమయ్యా?" అన్నారు మాస్టారు. "కారు ఆవిడది, నడిపేది ఈవిడ. నేను ఊరికే కూర్చున్నాను. వాళ్ళనడుగు."

బంకు మనిషి తప్పు తెలుసుకున్నాడు. తల దించుకుని ముందు కిటికీ దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు:

"అమ్మా, సార్ ఎంత కొట్టమన్నారు?"