మామ దగ్గును తప్పు పట్టొచ్చునా?

దగ్గు ఒక వరం! ఒట్టేసి చెప్తున్న. దగ్గని మనిషిని అసలే నమ్మొద్దు. వాడు ఎప్పుడొస్తడో, ఎప్పుడు పోతడో ఎవలకెరుక?

నా పేరు బుచ్చిరాములు. సూరత్‌ల బమ్రోలిల ఉంట. ముప్పై ఏండ్ల సంది బట్ట నేసె లూమ్‌లు నడుపుతున్న. నెల కింద మా కోడలు వినోద నా దగ్గు మీద అనుమానం పడి నన్ను దవాఖానకు గుంజుకపోయింది. అందుకే మన తెలుగు సంఘం పత్రికల నా దగ్గు తరఫున వకాల్తా పుచ్చుకొని రాస్తున్న. పంచాయితి మీరే చెప్పాలె.

ముందుగాల మా రివాజు వినుండ్రి. మాది ఒక్కటే అర్ర, నడుమ ఒక పరద. అసొంటి ఇంట్ల మామ అనేటోడు గడప బయటనే దగ్గాలె. ఆ సప్పుడుకు కోడలు కొంగు సదురుకుంటది, మంచం మీదికెళ్లి లేస్తది. బెల్లు అక్కర లేదు, కరెంటు ఖర్చు లేదు! మా నాయిన గిట్లనే దగ్గిండు, వాళ్ల నాయిన గిట్లనే దగ్గిండు. దగ్గకుండ ఇంట్ల జొరబడ్డోన్ని మా దిక్కు మనిషి లెక్కల కట్టరు.

పోయిన ఎండకాలం నుంచి నా దగ్గు జర జోరందుకున్నది. గల్లీ గల్లీ మెచ్చుకున్నది. బుచ్చిరాములుకు ఎంత మర్యాద, సందు మొదట్ల మొదలుపెడితె ఇంటికొచ్చెదాక ఆపడు అన్నరు. ఈ పేరు ఊకెనే వచ్చిందనుకుంటున్నరా? దీని వెనుక నా బీడీల కష్టం గూడ ఉన్నది.

ఇగ లాభాలు సూడుండ్రి. మెట్లెక్కుతుంటె ఆయాసం వస్తది. రెండో అంతస్తుల మా అర్రకు చేరెలోపు ప్రతి మలుపుల ఆగుత. ఆగినకాడ ఊకుంటె బాగుండదని పిల్లల సదువులు, ముసలోళ్ల మోకాళ్లు అడుగుత. బిల్డింగుల నా అంత కలుపుగోలు మనిషి లేడంటున్నరు.

గొంతు బొంగురు పోయింది. పోతె ఏంది? మా బావమర్ది సదానందం నన్ను పుట్టి బుద్ధెరిగినంక ఒక్కనాడు ‘మీరు’ అన్నోడు గాదు. మొన్న ఫోన్ల నా గొంతు గుర్తుపట్టక, సార్ మీరెవలు అని అడిగిండు. గా ఒక్క మాట కోసం ఎన్నేండ్లు ఎదురుసూసిన్నో!

ప్యాంటు లూజయింది. పైసలు కట్టి జిమ్ములల్ల చెమటోడ్సెటోళ్లను సూస్తె నాకు జాలి. నాకు సగం ప్లేటు అన్నానికే సాలైతది, ఒళ్లు దానంతటదే తగ్గుతది. భుజంల నొప్పి గూడ ఉన్నది. లూమ్ కాడ నిలబడ్డోనికి భుజం నొయ్యక ముక్కు నొస్తదా?

ఒక పొద్దు తెమడల ఎర్ర చార కనబడ్డది. పాన్ అనుకున్న. ఆ దినం పాన్ నమల్లేదన్నది వేరే ముచ్చట.

మరి మందు వాడలేదా అంటరు. ఎందుకు వాడలేదు! మెడికల్ షాపాయన సీసా మీద సీసా ఇచ్చిండు. మా సేఠ్ మరీ దయగలోడు. లూమ్‌ల షెడ్డు నిండ పీచు ఎగురుతున్నది, మూతికి మాస్కులియ్యమని అడిగితె బెల్లం ముక్కలు పంచిండు. బెల్లం తింటె పీచు కడుపులకు జారి పోతదట. ఊపిరితిత్తులకెళ్లి కడుపుకు తొవ్వ ఎక్కడున్నదో సేఠ్‌ను అడగలేదు. బెల్లం మాత్రం మంచిగున్నది.

ఇట్ల సుఖంగ సాగుతుంటె వినోద అడ్డం పడ్డది.

ఆ పిల్ల ఎన్నడు నా ఎదురుంగ నిలబడి మాట్లాడింది లేదు. పరద అవుతల నుంచే చాయ అందిస్తది. ఏమన్న చెప్పాల్నంటె నా కొడుకు పరుశురాంతోని చెప్పిస్తది. ఒక ఆదివారం నేను గోడకు ఒరిగి కూసున్న. దగ్గు తెరలు తెరలుగ వస్తున్నది. పరద పక్కకు జరిగింది. వినోద వచ్చి నా ముందల నిలబడ్డది.

"మామా, బయట దగ్గితె నాకు చెప్తున్నవనుకున్న. లోపల కూసున్నంక గూడ దగ్గుతున్నవ్. ఇప్పుడెవలకు చెప్తున్నవ్?"

ఎంత ధైర్యమో సూడుండ్రి! ఇన్నేండ్లు లూమ్‌ల మోతను మించి అరిసిన నోరు నాది. ఆ నోట్లెకెళ్లి మల్ల దగ్గే వచ్చింది.

తెల్లారి దవాఖాన. డాక్టర్ శ్రీప్రియ మన తెలుగామెనే. మూడు వారాలు దాటినా తగ్గని దగ్గు, తెమడల నెత్తురు, మారిన గొంతు, ఊకెనే తగ్గిన ఒళ్లు, మెట్లెక్కితె ఆయాసం, వీటిల ఏ ఒక్కటున్నా అదే రోజు రావాలె అన్నది. నేను నా లాభాలన్ని విప్పి చెప్పిన. ఆమె నవ్వలేదు. ఎక్స్‌రే తీసిన్రు, స్కాన్ తీసిన్రు, సూదితోని ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. ఊపిరితిత్తిల క్యాన్సర్ అని తేలింది. గడ్డ ఇంక చిన్నగనే ఉన్నది, కోసి తీసెయ్యొచ్చు, ఇంకొన్ని నెలలు గిట్లనే దగ్గుకుంట కూసుంటె ఆ వీలు గూడ ఉండకపోతుండె అన్నది.

సోమవారం ఆపరేషన్. అబద్ధమెందుకు, భయమైతున్నది.

అయినా సరే, కోడలి మీద నా ఫిర్యాదు వాపస్ తీసుకోను. తప్పు ఆమెదే! ఎండకాలంల అడగాల్సిన మాట దసరా దాటినంక అడుగుతరా? అన్ని సూసింది, అన్ని విన్నది, ఇన్నొద్దులు నోరు మూసుకొని ఉన్నది. ఇదేం పద్ధతి? దవాఖాన నుంచి వచ్చెటప్పుడు ఆటోలనే నిలదీసిన, ముందుగాల ఎందుకడగలేదు బిడ్డా అని.

వినోద తల వంచుకొనే చెప్పింది.

"పెండ్లయి వచ్చిన నాడు నువ్వే చెప్తివి గద మామా, పెద్దోళ్లకు ఎదురు మాట్లాడొద్దని."